వెచ్చటి సముద్రంలో కూడా సూటు ఎందుకు? సైజు చెప్పడానికి సిగ్గుపడితే ఏమవుతుంది?

పోయిన ఎపిసోడ్‌లో అండమాన్ ట్రిప్ ఖర్చుల గురించి మాట్లాడుకున్నాం కదా. అది చూశాక చాలామంది నన్ను అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, అక్కడ నీళ్లు వెచ్చగానే ఉంటాయంటున్నావు. మరి స్కూబా చేసేటప్పుడు ఆ నల్ల రబ్బరు డ్రెస్సు ఎందుకు? టీషర్టు, షార్టు వేసుకుని దిగితే సరిపోదా?"

మంచి ప్రశ్న. నేనూ మొదట అలాగే అనుకున్నా. కానీ దీనికి జవాబు చెప్పాలంటే ముందు మా అక్క గురించి చెప్పాలి.

మా అక్క అంటే పెద్దమ్మ కూతురు. హైదరాబాద్‌లో బ్యాంకులో పనిచేస్తుంది. మా ఇంట్లో అందరికంటే ధైర్యం ఎక్కువ తనకే. నాకు ఈత నేర్పింది తనే. ఎండాకాలం సెలవుల్లో నడుముకి బెండు కట్టి, ఊళ్లో బావిలోకి ఒక్క తోపు తోసింది. అంతే, ఈత వచ్చేసింది. అలాంటి మనిషిని మూడేళ్ల కింద హ్యావ్‌లాక్ తీసుకెళ్లా. 2018లో దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, కానీ టికెట్ల దగ్గర నుంచి ఆటో వరకు ఇంకా అందరూ హ్యావ్‌లాక్ అనే అంటారు. నేను, నా ఫ్రెండ్స్ ఇద్దరు, అక్క. నలుగురం డిస్కవర్ స్కూబా బుక్ చేసుకున్నాం. అంటే సర్టిఫికెట్ లేకపోయినా, ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉండి తక్కువ లోతులో చేయించే డైవ్.

షాపులో సూట్లన్నీ వరసగా వేలాడుతున్నాయి. అక్కడి కుర్రాడు "దీదీ, సైజు?" అన్నాడు. చుట్టూ మేము, ముక్కూ మొహం తెలియని మగవాళ్లు ఐదారుగురు. అక్క ఒక్క క్షణం ఆగి "మీడియం" అంది. కుర్రాడు ఒకసారి చూశాడు, ఏమీ అనకుండా మీడియం తీసిచ్చాడు. వెనక జిప్పు పైకి రావడానికి ఇద్దరు లాగాల్సి వచ్చింది.

నడుం లోతు నీళ్లలోకి వెళ్లాం. సిలిండర్ తగిలించారు, మాస్క్ పెట్టారు. రెండు నిమిషాలకే అక్క "రేయ్, ఊపిరి ఆడట్లేదురా" అంది. ఇన్‌స్ట్రక్టర్ ఓపికగా "రిలాక్స్, మెల్లగా గాలి పీల్చండి" అన్నాడు. మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారి తల తిరుగుతోందని ఒడ్డుకి వెళ్లి కూర్చుంది. మేం ముగ్గురం డైవ్ చేసి వచ్చి, నిమో చేపలు చూశాం, అది చూశాం, ఇది చూశాం అని చెప్తుంటే నవ్వుతూ విన్నది.

తిరుగు ఫెర్రీలో నేనే అన్నాను, "అక్కా, నువ్వు బావిలో పులివి, సముద్రంలో పిల్లివి" అని. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఆ జోకు రెండేళ్లపాటు మా ఇంట్లో ప్రతి పెళ్లిలో నడిచింది. ఆ జోకు ఎంత తప్పో నాకు తర్వాత తెలిసింది. ఎలాగో చెప్తా.

మరుసటి ఏడాది నేను ఓపెన్ వాటర్ కోర్సుకి వెళ్లా. నేను సన్నగా, పొడుగ్గా ఉంటా. ఆ రోజు మిగిలినవాటిలో నాకొక లార్జ్ సూటు ఇచ్చారు. లుంగీ కట్టుకున్నంత తేలిగ్గా తొడుక్కున్నా, ఆహా ఎంత బాగుందో అనుకున్నా. డైవ్ కంప్యూటర్‌లో నీళ్ల ఉష్ణోగ్రత 28 డిగ్రీలు. మొదటి డైవ్ హాయిగా అయిపోయింది. రెండో డైవ్‌లో అరగంటకి వణుకు మొదలైంది. నోట్లో రెగ్యులేటర్ పట్టుకున్న పళ్లు టకటకలాడుతున్నాయి. నా గాలి పక్కవాడి కంటే చాలా ముందే తగ్గిపోతోంది. అయినా చెప్పలేదు. ఎందుకు? 28 డిగ్రీల్లో చలేంట్రా అని నవ్వుతారని.

ఇన్‌స్ట్రక్టర్ నేను చేతులు కట్టుకుని ముడుచుకుపోవడం చూశాడు. బొటనవేలు పైకి చూపించాడు. డైవింగ్‌లో దానర్థం 'సూపర్' కాదు, 'పైకి వెళ్దాం' అని. బోటెక్కాక నా నడుం వెనక సూటులోకి చెయ్యి పెట్టాడు. పిడికిలి మొత్తం దూరిపోయింది. "ఇది సూటు కాదు, సంచి" అన్నాడు.

సరే, ఇప్పుడు విషయంలోకి వద్దాం. నేను మెకానికల్ బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్‌లో చేరిన బ్యాచ్. హీట్ ట్రాన్స్‌ఫర్ సబ్జెక్టులో సప్లీ కూడా ఉంది. ఆ సబ్జెక్టు నాకు జీవితంలో మొదటిసారి ఉపయోగపడింది ఆ బోటు మీదే.

మన ఒంటి వేడి దాదాపు 37 డిగ్రీలు. 28 డిగ్రీల గదిలో ఫ్యాన్ కింద కూర్చుంటే మనకి హాయిగానే ఉంటుంది. కానీ నీళ్లు గాలి కంటే 20 రెట్లకు పైగా ఎక్కువగా వేడిని మోసుకుపోతాయి. కాబట్టి 28 డిగ్రీల నీళ్లు కూడా మన ఒంట్లోంచి వేడి లాగుతూనే ఉంటాయి. దిగగానే తెలియదు. పది నిమిషాలకి తెలియదు. నలభై నిమిషాలకి తెలుస్తుంది. రెండో డైవ్‌లో ఇంకా ముందే తెలుస్తుంది, ఎందుకంటే మొదటి డైవ్‌లో పోయిన వేడి పూర్తిగా తిరిగి రాదు.

చలేస్తే ఏమవుతుంది, కాస్త వణుకుతాం, అంతే కదా అనుకోవద్దు. వణుకు మొదలైతే గాలి ఎక్కువ వాడతాం. ఆలోచన మందగిస్తుంది, వేళ్లు సరిగ్గా ఆడవు. ఇంకోటి, లోతులో మన రక్తంలో, కండల్లో కలిసిన నైట్రోజన్ పైకి వచ్చేటప్పుడు మెల్లగా బయటికి పోవాలి. ఒళ్లు చల్లబడితే చర్మం వైపు, కాళ్లూ చేతుల వైపు రక్తం తగ్గుతుంది, అది పోవడం కూడా నెమ్మదిస్తుంది. అది డీకంప్రెషన్ జబ్బుకి ఒక కారణం అవుతుంది. అంటే ఈ సూటు ఫోటో కోసం కాదు.

చలి ఒక్కటే కాదు. ఎండ ఉంది, జెల్లీఫిష్ ఉంది, తగిలితే కోసుకుపోయే పగడపు రాళ్లు ఉన్నాయి. పొరపాటున వాటికి రాసుకున్నా సూటు ఉంటే చర్మం మిగులుతుంది. కానీ సూటు ఉంది కదా అని పగడాలని ముట్టుకోకండి. అవి ప్రాణమున్నవి, మన చెయ్యి తగిలితే వాటికే నష్టం.

ఇప్పుడు సూటు ఎలా పనిచేస్తుందో చూద్దాం. మనం వాడేది వెట్‌సూట్. 1950ల మొదట్లో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యూ బ్రాడ్నర్ అనే ఫిజిక్స్ శాస్త్రవేత్త ఈ ఆలోచన చేశాడు. అప్పటిదాకా వెచ్చగా ఉండాలంటే ఒళ్లు పొడిగా ఉండాల్సిందే అనుకునేవాళ్లు. ఆయన, తడిసినా పర్లేదు, గాలి బుడగలున్న పొర ఒంటికి అంటుకుని ఉంటే చాలు అన్నాడు. ఆ పొరే నియోప్రీన్. లోపల సన్నటి గ్యాస్ బుడగలుంటాయి, వేడిని ఆపేవి అవే. సూటుకీ చర్మానికీ మధ్య చేరిన కొద్ది నీళ్లని మన ఒళ్లే వెచ్చబెడుతుంది. ఆ నీళ్లు అక్కడే ఉంటే మంచిది. సూటు వదులైతే? మనం కదిలిన ప్రతిసారీ ఆ వెచ్చటి నీళ్లు బయటికి పోయి చల్లవి లోపలికి వస్తాయి. అంటే ఏసీ వేసి కిటికీ తెరిచి పెట్టినట్టు. కరెంటు బిల్లు మన ఒళ్లు కడుతుంది.

అందుకే గుర్తుపెట్టుకోండి. సరిగ్గా పట్టిన 3 ఎంఎం సూటు, వదులైన 5 ఎంఎం కంటే మేలు.

మరి ఎంత మందం తీసుకోవాలి? మన వైపు డైవింగ్‌కి నేను వాడే లెక్క ఇది. నీళ్లు 29, 30 డిగ్రీలుండి, ఒకటే చిన్న డైవ్ అయితే పల్చటి లైక్రా సూటు లేదా రాష్‌గార్డ్ చాలు. అది ఎండనీ గీతలనీ ఆపుతుంది, చలిని ఆపదు. 28 దగ్గర ఒకటి రెండు డైవ్‌లకి షార్టీ, అంటే మోకాళ్లు, మోచేతుల పైదాకా ఉండే 2 లేదా 3 ఎంఎం సూటు. 24 నుంచి 28 మధ్య అయితే, లేదా రోజుకి మూడేసి డైవ్‌లు చేస్తుంటే, ఒళ్లంతా కప్పే 3 ఎంఎం ఫుల్ సూటు. 24 కంటే తగ్గితే 5 ఎంఎం. అండమాన్‌లో డైవింగ్ సీజన్‌లో ఎక్కువగా 27 నుంచి 30 మధ్య ఉంటుంది కాబట్టి 3 ఎంఎం ఫుల్ సూటు దాదాపు అందరికీ సరిపోతుంది.

విశాఖలో రుషికొండ దగ్గర కూడా స్కూబా చేయిస్తారు కదా. అక్కడ వెళ్లేవాళ్లు నెలని బట్టి అడగండి. మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో పైన ఎండ మండుతున్నా, గాలి వల్ల తీరం దగ్గర లోపలి చల్లటి నీళ్లు పైకి వచ్చే రోజులుంటాయి. దీన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950లలోనే పరిశీలించారు. కాబట్టి బయటి ఎండ చూసి సూటు మందం నిర్ణయించొద్దు. "ఈ వారం కింద నీళ్లు ఎన్ని డిగ్రీలు?" అని డైవ్ షాపువాళ్లని అడగండి. వాళ్ల కంప్యూటర్లలో ఉంటుంది.

మనిషిని బట్టి కూడా మారుతుంది. సన్నగా ఉన్నవాళ్లకి త్వరగా చలేస్తుంది. పక్కవాడు షార్టీ వేసుకున్నాడని మీరూ వేసుకోవద్దు. చలి అనిపిస్తే చెప్పడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. ఇది నేను వణుకుతూ నేర్చుకున్న పాఠం.

ఇప్పుడు అసలైన భాగం, ఫిటింగ్. ఫోన్ పక్కన పెట్టకండి, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

సూటు వేసుకుని, జిప్పు పూర్తిగా పెట్టి, నాలుగు పరీక్షలు చేయండి. ఒకటి, నడుం వెనక, చంకల్లో, తొడల సందులో చూడండి. బట్ట ఒంటికి అంటుకుని ఉండాలి. గాలి సంచిలా ఖాళీ ఉంటే వదులు. రెండు, చేతులు పైకెత్తండి, గుంజీ తీసినట్టు కూర్చుని లేవండి. భుజాలు కిందికి లాగేస్తున్నా, మోకాళ్లు మడవలేకపోతున్నా పొట్టి. మూడు, నిండా ఊపిరి పీల్చండి. పొట్ట, ఛాతీ పూర్తిగా విచ్చుకోవాలి. సగంలో ఆగిపోతే బిగుతు. నాలుగు, మెడ. ఇది చాలా ముఖ్యం. మెడ దగ్గర సూటు అంటుకుని ఉండాలి, నొక్కకూడదు. ఒక వేలు సులువుగా దూరాలి. ఐదు నిమిషాలు అలాగే ఉండండి. మొహం బరువెక్కినట్టు, తల తేలిపోతున్నట్టు అనిపిస్తే వెంటనే జిప్పు దించండి.

ఎందుకో చెప్తా. మెడకి రెండు పక్కలా మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమనులున్నాయి. రక్తపోటు ఎంతుందో కనిపెట్టే భాగం కూడా అక్కడే ఉంది. బయటినుంచి గట్టిగా నొక్కితే, రక్తపోటు పెరిగిపోయింది అని శరీరం పొరపడుతుంది. గుండె వేగం తగ్గిస్తుంది. తల తిరుగుతుంది, కళ్లు చీకట్లు కమ్ముతాయి, కొందరు స్పృహ కూడా తప్పుతారు. దానికి తోడు ఛాతీ మీద బిగుతు సూటు, పైన జాకెట్ బెల్టులు, చుట్టూ నీళ్ల ఒత్తిడి. ఊపిరి సగమే అందుతుంది.

ఇది క్లాసులో మా ఇన్‌స్ట్రక్టర్ చెప్తుంటే నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఊపిరి ఆడట్లేదురా. తల తిరుగుతోంది. ఇద్దరు లాగితే గానీ పైకి రాని జిప్పు. మా అక్కకి వచ్చింది భయం కాదు, ఫ్రెండ్స్. మేమంతా కలిసి రెండేళ్లు భయం అని పేరు పెట్టాం. తను కూడా నమ్మేసింది.

ఒక మాట మాత్రం సూటిగా చెప్పాలి. ఊపిరి ఆడకపోతే ప్రతిసారీ సూటే కారణం అనుకోవద్దు. కొందరికి నిజంగానే భయం ఉంటుంది, అది కూడా తప్పు కాదు. కొందరికి ఆస్తమా, గుండె సమస్య ఉండొచ్చు. డైవ్‌కి ముందు ఇచ్చే మెడికల్ ఫారం నిజాయితీగా నింపండి, అనుమానం ఉంటే డాక్టర్‌ని అడగండి. కారణం ఏదైనా, నీళ్లలో బాగాలేదు అనిపిస్తే డైవ్ ఆపేయొచ్చు. ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

వేసుకోవడం కూడా ఒక విద్యే. ముందు కాళ్లకి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని సూటులో పెట్టండి, జారుతూ వెళ్లిపోతుంది. వెంటనే కవర్ బయటికి తీసేసి సంచిలో పెట్టుకోండి, సముద్రంలో పడేయొద్దు. గోళ్లతో లాగితే నియోప్రీన్ చిరుగుతుంది, వేళ్ల మెత్తటి భాగంతో పట్టుకుని కొంచెం కొంచెంగా పైకి జరపండి. తొడల సందు పూర్తిగా పైకి వచ్చాకే చేతులు తొడగండి. చాలామంది ఇక్కడే తొందరపడి, తర్వాత భుజాలు పట్టట్లేదు, సూటు చిన్నది అంటారు. జిప్పు దూకే ముందే పెట్టుకోండి. బోటు మీద ఎండలో అరగంట జిప్పు పెట్టుకుని కూర్చుంటే చలి సంగతి తర్వాత, ముందు వడదెబ్బ తగులుతుంది. అప్పటిదాకా నడుం దాకా దించుకుని, నీళ్లు తాగుతూ ఉండండి.

నీళ్లు తాగితే లోపల మూత్రం వస్తుంది కదన్నా అంటారా? వస్తుంది. నీళ్లలో రక్తం కాళ్లూ చేతుల నుంచి ఛాతీ వైపు చేరుతుంది, కిడ్నీలు ఒంట్లో నీళ్లు ఎక్కువయ్యాయి అనుకుని పని మొదలుపెడతాయి. అందరికీ వస్తుంది. డైవర్లు రెండు రకాలు. సూటులో పోశాం అని ఒప్పుకునేవాళ్లు, ఒప్పుకోనివాళ్లు. దానికి భయపడి నీళ్లు తాగడం మానొద్దు. అందుకే అద్దె సూటు వాసన చూసి తీసుకోండి.

సూటు మారితే బరువు లెక్క కూడా మారుతుంది. బుడగల పొర కదా, పైకి తేలుస్తుంది. దాన్ని ముంచడానికి నడుముకి సీసం బరువులు కడతాం. షార్టీ నుంచి ఫుల్ సూటుకి మారినా, 3 ఎంఎం నుంచి 5కి మారినా పాత బరువు పనికిరాదు. మళ్లీ చూసుకోవాలి. జాకెట్‌లో గాలి తీసేసి, మామూలుగా ఊపిరి పట్టి నిలువుగా ఉంటే నీళ్లు కళ్ల దగ్గరికి రావాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. ఇంకో చిన్న లెక్క. మామూలు అల్యూమినియం సిలిండర్‌లో దాదాపు 11 లీటర్లు, 200 బార్ గాలి. అంటే 2200 లీటర్ల గాలి, బరువు రెండున్నర కిలోల పైనే. డైవ్ చివరికి అందులో దాదాపు 2 కిలోలు మనం ఊపిరిగా వదిలేస్తాం, సిలిండర్ తేలికవుతుంది. నిండు సిలిండర్‌తో పరీక్ష చేస్తే ఆ 2 కిలోలు కూడా కలుపుకోవాలి. పైగా 10 మీటర్ల లోతులో పీడనం రెట్టింపు, 20 మీటర్లలో మూడు రెట్లు. బుడగలు నొక్కుకుపోయి సూటు పల్చబడుతుంది. తేల్చే శక్తీ తగ్గుతుంది, వెచ్చదనమూ తగ్గుతుంది. అందుకే లోతుకి వెళ్లేవాళ్లకి ఒక మెట్టు మందం ఎక్కువ అవసరం.

కొనాలా, అద్దెకా? ఏడాదికి ఒకసారి వెళ్లేవాళ్లకి అద్దె చాలు. కొనాలనుకుంటే మాస్క్ తర్వాత సూటే కొనండి. ఆన్‌లైన్‌లో టీషర్టు సైజు చూసి ఆర్డర్ పెట్టొద్దు. ఎత్తు, ఛాతీ, నడుం, తుంటి టేపుతో కొలిచి ఆ కంపెనీ చార్టుతో చూడండి. ఒక కంపెనీ లార్జ్ ఇంకో కంపెనీకి మీడియం. ఆడవాళ్లకి ఆడవాళ్ల కొలతలతో కుట్టిన సూటే తీసుకోండి. మగవాళ్ల సూటు నడుం దగ్గర వదులై, తుంటి దగ్గర బిగుస్తుంది. పొడి నేల మీద కొంచెం గట్టిగా అనిపించడం మామూలే, నీళ్లలో కాస్త సడలుతుంది. కానీ ఊపిరి దగ్గర, మెడ దగ్గర సర్దుకుపోవద్దు. వాడాక మంచినీళ్లతో కడిగి, తిరగేసి, నీడలో లావుపాటి హ్యాంగర్‌కి ఆరేయండి. ఎండ, వేడినీళ్లు, వాషింగ్ మెషీన్ మూడూ దానికి శత్రువులే.

ఇక అక్క సంగతి. కోర్సు అయ్యాక ఇంటికొచ్చి తనకి చెప్పా. "అక్కా, ఆ రోజు నీకు భయం కాదు, సూటు మెడ దగ్గర నొక్కేసింది" అని. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "నాకు ఎక్స్‌ఎల్ కావాలని అప్పుడే తెలుసురా. అంతమంది ముందు చెప్పలేకపోయా" అని. రెండేళ్లు నేను వేసిన జోకులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. సారీ చెప్పా. "సారీ వద్దు, టికెట్లు బుక్ చెయ్" అంది.

పోయిన ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లాం. ఈసారి రెండు రోజుల ముందే షాపుకి ఫోన్ చేసి, అక్క కొలతలు చెప్పి, ఆడవాళ్ల ఎక్స్‌ఎల్ పక్కన పెట్టించా. జిప్పు తనే పైకి లాక్కుంది. మెడలో వేలు పెట్టి చూసుకుంది, నిండా ఊపిరి పీల్చింది. నీళ్లలోకి వెళ్లాక నేను పక్కనే ఉన్నా. 9 మీటర్ల దగ్గర పగడాల మధ్య నిమో చేపలు కనిపిస్తే నాకు చూపించి, చేత్తో 'ఓకే' అంది. 41 నిమిషాలు. పైకి వచ్చాక నా గాలే తన కంటే తక్కువ మిగిలింది.

ఈ ఎపిసోడ్ చేసే ముందు అక్కని అడిగా, నీ కథ చెప్పొచ్చా, సైజు మాత్రం చెప్పనులే అని. "ఏం, సైజు కూడా చెప్పు. వినే అమ్మాయిల్లో ఒక్కరైనా షాపులో గట్టిగా ఎక్స్‌ఎల్ అని అడుగుతారు" అంది. అందుకే చెప్పేశా.

డైవ్ షాపుల్లో పనిచేసే మనవాళ్లెవరైనా చూస్తుంటే ఒక్క విన్నపం. అందరి ముందు సైజు అడక్కండి. పక్కకి పిలిచి అడగండి, లేదా బుకింగ్‌లోనే కొలతలు తీసుకోండి. మిగతావాళ్లు, ఈసారి మీ గ్రూపులో ఎవరైనా ఊపిరి ఆడట్లేదు అంటే నవ్వే ముందు మెడ దగ్గర వేలు పెట్టి చూడండి.

సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో మాస్క్‌లోకి నీళ్లు ఎందుకొస్తాయో చూద్దాం. గడ్డం ఉన్నవాళ్లు తప్పకుండా రండి, మీతో పని ఉంది. అంతవరకు సెలవు.